651 నంబరు ట్రాము

మీలో ట్రాము ఎక్కినవాళ్ళు ఎంతమంది? చాలామంది ఎక్కి ఉండరు. మద్రాసు నగరంలో 1953 దాకా ట్రాములు నడిచాయి గనుక, మీ ముత్తాతలెవరైనా అక్కడ చదువుకుని ఉంటే వాళ్ళు ఎక్కి ఉంటారు. ట్రాము అంటే వీధి మధ్య పరిచిన పట్టాల మీద, పైనున్న తీగ నుంచి కరెంటు తీసుకుని నడిచే చిన్న రైలు. నేను మొట్టమొదట ట్రాము ఎక్కింది 2014 జూలై నెలలో, జపాను దేశంలోని హిరోషిమా నగరంలో. నన్ను ఎక్కించినవాడి వయసు పదేళ్ళు.

ఆ కుర్రవాడి తండ్రి నా మిత్రుడు. ఆయన ఉద్యోగం మీద విశాఖపట్నం వచ్చి, రెండేళ్ళపాటు మా మేడమీద వాటాలో కాపురమున్నాడు. వెళ్ళిపోయేటప్పుడు, "మీరు మా ఊరు రావాలి," అన్నాడు. ఇలాంటి మాటలు అందరూ అంటారు. కాని ఆయన ఏటేటా ఉత్తరం రాసి మరీ అడగసాగాడు. చివరకు పది రోజులు సెలవు పెట్టి, రెండు సీసాల ఆవకాయ భద్రంగా మూట కట్టుకుని బయలుదేరాను.

వాళ్ళ ఇల్లు ఊరికి పడమటి కొసన, కోయి అనే పేటలో ఉన్నది. ఇంట్లో మిత్రుడు, ఆయన భార్య, కొడుకు, 78 ఏళ్ళ తల్లి. ఆవిణ్ణి నేను మామ్మగారూ అనే పిలిచాను. ఆ మాట ఆవిడకు నచ్చింది కూడాను. నేను వెళ్ళేసరికి మామ్మగారు పెరట్లో వెదురు చాటలు పరిచి, ఉప్పులో ఊరిన ఉమే పళ్ళు ఎండబెడుతున్నది. జపానువాళ్ళు ఏటా జూలై ఎండల్లో మూడు రోజులు వాటిని ఎండబెట్టి, ఏడాది పొడుగునా అన్నంలో నంజుకుంటారు. అచ్చం మన ఊరగాయల సంబరమే! నేను ఆవకాయ సీసా మూత తీసి ఇస్తే ఆవిడ వాసన చూసి, నాలుగు మెతుకులతో నాలిక మీద వేసుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "బాగున్నది," అన్నది. నేను ఉమే పండు నోట్లో వేసుకుని, ఆ పులుపుకూ ఉప్పుకూ ఒళ్ళు జలదరించి, "బాగున్నది," అన్నాను. ఇద్దరమూ సమానంగా అబద్ధాలాడామని మిత్రుడు నవ్వాడు. నాలుగో రోజుకల్లా ఆ మాట ఇద్దరి విషయంలోనూ నిజమయింది.

ఇక కుర్రవాడి సంగతి. వాడికి ట్రాముల పిచ్చి. అందుకని నేను వాణ్ణి "కండక్టరు గారూ" అని పిలిచేవాణ్ణి. వాడికి అప్పుడే వేసవి సెలవులు ఇచ్చారు. సెలవులంటే వాళ్ళకు బొత్తిగా ఆటలు కావు. తెల్లవారి ఆరున్నరకు వాడలోని పిల్లలందరూ ఒకచోట చేరి, రేడియోలో వచ్చే పాటకు వ్యాయామం చేయాలి. చేసినవాళ్ళ కార్డు మీద పెద్దలు ఒక ముద్ర వేస్తారు. నేనూ వెళ్ళి చేశాను. నాకు ముద్ర వేయలేదు. అదిగాక ప్రతి పిల్లవాడూ తనకు ఇష్టమైన విషయం ఒకటి ఎంచుకుని, సొంతంగా పరిశోధన చేసి, సెలవుల తరువాత బడికి పట్టుకుపోవాలి. కొందరు పురుగులను పెంచుతారు, కొందరు చందమామను రోజూ చూసి బొమ్మ గీస్తారు. మన కండక్టరు గారు ఎంచుకున్న విషయం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

వాడి దగ్గర ఒక నోటుపుస్తకం ఉన్నది. అందులో గళ్ళు గీసుకున్నాడు: బండి నంబరు, తయారైన ఏడు, ఎక్కిన చోటు, దిగిన చోటు, విశేషాలు. నాతో ఊరు తిరగడమంటే వాడికి పరిశోధన. వాడితో తిరగడం నాకు ఊరు చూడడం. ఇద్దరికీ లాభమే.

హిరోషిమా నగరం ఓతా నది సముద్రంలో కలిసే చోట, మన కోనసీమలాగా, నది పాయల నడుమ ఉన్న లంకల మీద కట్టిన ఊరు. ఇప్పుడు ఆరు పాయలున్నాయి. అందుచేత ఏ వైపు వెళ్ళినా పది నిమిషాలకొక వంతెన వస్తుంది. ట్రాము వంతెన ఎక్కినప్పుడల్లా చక్రాల చప్పుడు మారుతుంది. కళ్ళు మూసుకుని కూర్చున్నా ఎన్ని వంతెనలు దాటామో చెప్పవచ్చు. కండక్టరు గారు నా చేత కళ్ళు మూయించి పరీక్ష పెట్టాడు. నేను ఒకటి తక్కువ చెప్పాను.

ఆ ఊరి ట్రాములు అన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని పాము మాదిరి పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉంటాయి. కొన్ని పాత పెట్టెల్లాగా ఉంటాయి. కారణమేమంటే, జపానులో కార్లు పెరిగిన కాలంలో క్యోటో, కోబె వంటి నగరాలు తమ ట్రాములను ఎత్తివేశాయి. హిరోషిమా మాత్రం ఎత్తివేయలేదు సరిగదా, వాళ్ళు వద్దన్న బండ్లను తెచ్చుకుని నడిపించింది. క్యోటో నుంచి వచ్చిన బండ్లకు ఒక్కొక్కదానికి ఒక పేరు కూడా ఉన్నది. నడుస్తున్న ప్రదర్శనశాల అన్నమాట! వెనుక తలుపు గుండా ఎక్కాలి, దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో నాణేలు వేయాలి. మొదటి రోజున నేను ముందు తలుపు గుండా ఎక్కబోతే కండక్టరు గారు సిగ్గుతో ఎటో చూశాడు.

"పై తీగలోంచి కరెంటు బండిలోకి వస్తుంది. మరి తిరిగి ఎటు పోతుంది?" అని వాడు నన్ను అడిగాడు. నేను తెల్లమొహం వేశాను. మీరు చెప్పగలరా? మోటారును తిప్పిన కరెంటు చక్రాల గుండా పట్టాలలోకి దిగి, పట్టాల మీదుగా విద్యుత్ కేంద్రానికి తిరిగి పోతుంది. కరెంటుకు రావడానికి దారి ఉంటే చాలదు, పోవడానికీ దారి ఉండాలి. పట్టాలు బండిని మోసే బాటే కాకుండా ఆ రెండో తీగ కూడా అవుతాయి.

ఒకనాటి మధ్యాహ్నం మిత్రుడు మా ఇద్దరినీ ఒకోనోమియాకి తినిపించడానికి తీసుకుపోయాడు. పొడుగాటి ఇనప పెనం ముందు అందరూ వరసగా కూర్చుంటారు. వంటవాడు పలుచటి పిండి దోసె పోసి, దాని మీద గుప్పెళ్ళకొద్దీ క్యాబేజీ తరుగు, ఆపైన సేమ్యాల వంటి నూడిల్సు, గుడ్డు వేసి, అదాటున తిరగేస్తాడు. మాంసం వద్దని ముందే చెప్పుకున్నాను. పెనం మీదనే చిన్న అట్లకాడతో కోసుకుని తినడం అక్కడి పద్ధతి. యుద్ధం ముగిసిన కొత్తలో తిండి కరువైనప్పుడు, ఇంత పిండీ ఇన్ని ఆకులూ వేసి పిల్లల కడుపు నింపిన వంటకం అలా అలా పెరిగి ఇంత అయిందట.

యుద్ధం మాట వచ్చింది గనుక చెబుతాను. హిరోషిమా పేరు వినగానే మీకు గుర్తుకు వచ్చేది నాకూ గుర్తుకు వచ్చింది. 1945 ఆగస్టు 6 ఉదయం ఎనిమిదీ పదిహేను నిమిషాలకు ఆ ఊరి మీద అమెరికా విమానం అణుబాంబు వేసింది. అది నేలను తాకకుండా, దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. ఆ ఏడాది ముగిసేలోగా సుమారు 1,40,000 మంది చనిపోయారని అంచనా. ఆ బాంబుకు కాస్త పక్కగా నిలిచిన ఒక మేడ గోడలను, ఉక్కు చట్రపు గుమ్మటాన్ని అలాగే ఉంచేశారు. దాని ముందునుంచే ట్రాము పోతుంది.

ఆ ఎదుట శాంతివనం ఉన్నది. అందులో పిల్లల కోసం 1958లో నిలిపిన స్మారకం మీద ఒక బాలిక కాగితపు కొంగను రెండు చేతులా పైకెత్తి ఉంటుంది. ఆ అమ్మాయి ససాకి సదాకో. బాంబు పడ్డనాటికి రెండేళ్ళది. పదేళ్ళ తరువాత ఆ విషకిరణాల వల్ల రక్తానికి జబ్బు చేసి, ఆసుపత్రిలో కాగితపు కొంగలు మడుస్తూ, 1955లో చనిపోయింది. ఆమెతో చదివిన పిల్లలు చందాలు పోగుచేయ మొదలుపెడితే ఆ స్మారకం వచ్చింది. లోకం నలుమూలల నుంచి పిల్లలు ఏటా సుమారు కోటి కాగితపు కొంగలు పంపుతారు. అన్నీ కలిపి 10 టన్నుల బరువట!

నది ఒడ్డున ఎర్రగా, తెల్లగా విరగబూసిన చెట్లను చూసి నేను ఆగిపోయాను. గన్నేరు! మన గుళ్ళ దగ్గర, రోడ్ల మధ్య ఉండే గన్నేరే. "ఇది మా నగరపు పువ్వు," అన్నాడు మిత్రుడు. బాంబు పడ్డాక ఆ నేల మీద 75 ఏళ్ళ దాకా గడ్డిపోచ అయినా మొలవదని అందరూ భయపడ్డారట. ముందుగా పూసిన వాటిలో గన్నేరు ఒకటి. మన ఇళ్ళలో ఆకు గిల్లితే పాలు కారుతాయి, విషమని పెద్దలు కసురుతారు గదా? వాడి అమ్మ కూడా కండక్టరు గారిని సరిగ్గా అలాగే కసిరింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు తన పుస్తకంలో ఖాళీగా ఉన్న గడిని చూపించి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అది 651 నంబరు బండిది. 1942లో తయారైన ఆ బండి బాంబు పడ్డ చోటికి సుమారు 700 మీటర్ల దూరంలో చిక్కుకుని దెబ్బతిన్నది. బాగుచేస్తే 1946 మార్చి నాటికి మళ్ళీ పట్టాలెక్కింది. అది ఇంకా నడుస్తూనే ఉన్నది గాని, పొద్దున పూట జనం రద్దీగా ఉన్నప్పుడు మాత్రమే బయటికి వస్తుంది. ఏ రోజు ఏ దారిన వస్తుందో తెలియదు.

"అసలు అప్పుడు ట్రాములు నడిపినవాళ్ళు ఎవరో తెలుసా, మామయ్యా? అమ్మాయిలు!" అన్నాడు వాడు. మగవాళ్ళను యుద్ధానికి పట్టుకుపోవడంతో ట్రాము కంపెనీ 1943లో ఆడపిల్లల బడి ఒకటి పెట్టింది. పూటకు కొందరు చదువుకుంటే కొందరు ట్రాముల్లో పనిచేసేవారు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు టిక్కెట్లు కోశారు, బండ్లు నడిపారు. ఊళ్ళోని 123 బండ్లలో 108 బాంబుకు దెబ్బతిన్నాయి. ఆ పిల్లల్లో కొందరు చచ్చిపోయారు. అయినా మూడంటే మూడు రోజులకు, ఆగస్టు 9న, కోయి నుంచి కొంత దూరం వరకు ఒక ట్రాము నడిచింది. మిగిలిన అమ్మాయిలు మళ్ళీ పనిలోకి వచ్చారు.

నేను ఆ మాటలు వింటూ, నోరు ఊరుకోక, మామ్మగారి వైపు తిరిగి, "అప్పుడు మీరు ఈ ఊళ్ళోనే ఉన్నారా? మీకేమైనా గుర్తున్నదా?" అని అడిగేశాను.

మిత్రుడు వెంటనే ఆ మాటను జపానులో చెప్పలేదు. కాని ఆవిడకు అర్థమైపోయింది. గిన్నె కింద పెట్టి, "వాన వచ్చేట్టున్నది. పళ్ళు లోపల పెట్టాలి," అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆకాశం నిండా చుక్కలున్నాయి. తరువాత తెలిసింది, ఉమే పళ్ళను రాత్రిళ్ళు మంచులో కూడా వదిలేస్తారట.

"నాకు కూడా అమ్మ ఎన్నడూ చెప్పలేదు," అన్నాడు మిత్రుడు మెల్లిగా. "నేను ఎన్నడూ అడగలేదు." యుద్ధం తరువాత ఎంతోమంది ఆ సంగతులు దాచుకున్నారట. తెలిస్తే పిల్లను చేసుకోరు, పనిలో పెట్టుకోరు. అలా దాచీ దాచీ అది అలవాటైపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నం పెట్టిన ఇంట్లో అడగరాని మాట అడిగాను గదా అని ఒకటే కుమిలిపోయాను. మర్నాడు మామ్మగారు మామూలుగానే పలకరించి, నా కంచంలో ఉమే పండు వేసింది. అది నన్ను మరింత బాధించింది.

ఇక 651 కోసం కాపు వేయడం మొదలయింది. వ్యాయామం ముగియగానే కండక్టరు గారూ నేనూ కోయి ట్రాము స్టాపుకు పరుగెత్తేవాళ్ళం. మొదటి రోజు తొమ్మిది దాకా నిలబడ్డాం, రాలేదు. రెండో రోజు 652 వచ్చింది. అదీ బాంబు చూసిన బండే, తమ్ముడి వరస. కాని వాడికి తృప్తి లేదు. మూడో రోజు మేము బయలుదేరుతుంటే మామ్మగారు గుమ్మంలో టోపీ పెట్టుకుని, గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నది. "నేనూ వస్తాను," అన్నది. మిత్రుడు ఒక్క క్షణం తల్లి ముఖంలోకి చూసి, తన ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని ఫోను చేశాడు.

ఏడున్నర దాటాక వచ్చింది. మీగడరంగూ పచ్చరంగూ వేసిన పొట్టి బండి. పక్కన 651. కండక్టరు గారు అరవబోయి, చుట్టూ ఆఫీసులకు పోయేవాళ్ళు ఉండేసరికి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. ఒక పిల్లవాడు లేచి మామ్మగారికి చోటిచ్చాడు. మేము ఆవిడ ముందు కడ్డీ పట్టుకుని నిలబడ్డాం.

బండి కదిలింది. మొదటి వంతెన దాటాక, ఆవిడ పెదవులు కదులుతూ ఉండడం చూశాను. ప్రతి స్టాపు పేరూ, యంత్రం చెప్పడానికి ముందే, గొణుక్కుంటున్నది. వాడు వంగి చెవి పెట్టాడు. అప్పుడు మామ్మగారు, మనవడితో తప్ప మాకెవరికీ కాదన్నట్టు, చెప్పసాగింది. మిత్రుడు నాకు ముక్కముక్కలుగా తెలుగు చేశాడు.

ఆవిడ అప్పుడు మూడో తరగతి. బాంబులకు భయపడి, ఆ తరగతి పిల్లలందరినీ కొండల్లో ఒక పల్లెలోని గుడికి పంపేశారు. సెప్టెంబరులో తండ్రి వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. తండ్రి ఒక్కడే వచ్చాడు. "అమ్మ రాలేదేమని నేను అడగలేదు," అన్నది మామ్మగారు. కోయిలో రైలు దిగి ట్రాము ఎక్కారు. కండక్టరు ఒక అమ్మాయి. తలకంటే టోపీ పెద్దది, మాటిమాటికీ వెనక్కి తోసుకుంటున్నది. బయట చూస్తే ఊరు లేదు. ఇళ్ళు లేవు, దుకాణాలు లేవు. ఎక్కడో సముద్రం దగ్గరి కొండ తిన్నగా కనబడుతున్నది. అయినా ఆ అమ్మాయి ప్రతి స్టాపు దగ్గరా, "తెన్మా-చో! తెన్మా-చో!" అని గొంతెత్తి పిలిచింది. దిగేవాళ్ళు లేని చోట కూడా పిలిచింది.

"నాకు ఆ పేర్లన్నీ తెలుసు. అమ్మతో వెళ్ళిన చోట్లే. ఆ అమ్మాయి పేరు చెప్పినప్పుడల్లా, అయితే ఇది తెన్మా-చో కాబోలు అని బయటికి చూశాను. ఏమీ లేదు. పేరు మాత్రం ఉన్నది. మేము దిగేటప్పుడు ఆ అమ్మాయి నాకు వంగి నమస్కారం చేసింది. పెద్దవాళ్ళకు చేసినట్టుగా."

మిత్రుడు ఆ చివరి మాట తెలుగులో చెప్పి, కిటికీ వైపు తిరిగాడు.

కండక్టరు గారు పుస్తకం తెరిచాడు. ఎక్కిన చోటు దగ్గర "కోయి" అని రాశాడు. తరువాత, "మామ్మా, ఆ బండి నంబరు ఎంత?" అని అడిగాడు.

"చూడలేదురా, నాన్నా."

వాడు కాసేపు పెన్సిలు కొరికి, నంబరు గడి ఖాళీగా వదిలి, విశేషాల గడిలో రాయడం మొదలుపెట్టాడు. గడి చాలక పక్క పేజీలోకి పోయాడు. బండి కుదుపుకు అక్షరాలు వంకరపోతున్నా ఆపలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మామ్మగారు నా పక్కన కూర్చున్నది. గొడుగు వైపు చూపించి, చిరునవ్వుతో ఏదో అన్నది. "ఇవాళ కూడా వాన రాలేదు," అన్నదట. నేను చేతులు జోడించాను. ఆవిడ సంచిలోంచి ఒక మిఠాయి తీసి నా చేతిలో పెట్టింది.

మిగిలిన రోజులు ఇట్టే గడిచాయి. పడమటి ట్రాము దారి చివరి దాకా పోయి, పడవెక్కి మియాజిమా ద్వీపం చూశాం. అక్కడ సముద్రంలో నిలబడ్డ ఎర్రటి కొయ్య ద్వారం 16 మీటర్ల ఎత్తు ఉన్నది. దాని స్తంభాలను నేలలో లోతుగా పాతలేదు, తన బరువుతో తనే నిలబడుతుంది. ఆటు సమయాన కాలినడకన దాని కిందికి పోవచ్చు. అక్కడి లేడి ఒకటి నా పటాన్ని నమిలి మింగింది.

కండక్టరు గారికి ఇప్పుడు మీసాలు వచ్చాయి. 2025 ఆగస్టులో హిరోషిమా రైలు స్టేషను దగ్గర కొత్త దారి తెరిచారు. ట్రాము ఇప్పుడు వంతెనలా ఎత్తు మీదకి ఎక్కి, తిన్నగా స్టేషను మేడ రెండో అంతస్తులోకి పోతుంది. ఆ సంగతి నాకు రాసి పంపినవాడు వాడే. మామ్మగారికి 89 ఏళ్ళు. "కొత్త దారి చూస్తావా?" అని వాడు అడిగితే, "నేను మెట్లెక్కనక్కర లేదు గదా? అయితే వస్తాను," అన్నదట.